చౌటిమడికి మోసిన బూడిద

మట్టి పరీక్ష కార్డు తెచ్చిన అమ్మాయికి నేను మంచినీళ్ళయినా ఇవ్వలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీసి చున్నీతో మొహం తుడుచుకుని, "మామ్మగారూ, మీ చౌటిమడి రిజల్టు వచ్చిందండీ. కూర్చోండి, చదివి చెప్తాను" అంది. "నాకు చదువొచ్చు. ఇటియ్యి" అన్నాను. రైతు సేవా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్ల. ముసలిదానికి చదువేమిటని దాని మొహంలో కనిపించింది. నిజమే, నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా అన్న ఆ మడి నా పేర రాసినప్పుడు కాగితం మీద వేలిముద్ర వేశాను. ఏ ముక్క కింద వేలు పెట్టానో తెలియలేదు. ఆ అవమానం పట్టలేక మధ్యాహ్నాలు బడి అరుగు మీద పలక పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ అక్షరం కింద వేలు పెడితే తప్ప చదవలేను.

అలాగే వేలు పెట్టి చదివాను. నేల నలుపు. బంకమట్టి. క్షారం ఎక్కువ, తొమ్మిది దాటింది. జిప్సం వేయాలి. జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నాలి. మురుగునీరు పోయే కాలవ తీయాలి. అదంతా అచ్చు. అడుగున మాత్రం ఆ అమ్మాయే నీలం పెన్నుతో ఒక వాక్యం రాసింది. మట్టి తీయడానికి వచ్చిన రోజున గట్టు మీద కుప్ప చూసిందట. అందుకని రాసింది. "బూడిద ఇకమీదట వేయరాదు." బూ దగ్గర వేలు ఆగింది. డి దగ్గర ఆగింది. ద దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. కళ్ళు కనిపించడం లేదనుకుని, "బూడిదండీ, బూడిద" అని గట్టిగా అరిచింది ఆ పిల్ల.

"కనపడతంది. ఎందుకెయ్యకూడదు?"

"అది కూడా క్షారమేనండీ. చౌడుకి చౌడే కలిపినట్టు. ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నారు?"

"నా చిన్నప్పట్నించి."

"అయ్యబాబోయ్! ఎర్రనేలకైతే బాగుంటుంది గానీ దీనికి కాదు మామ్మగారూ. ఇన్నేళ్ళూ విషం పోశారన్నమాట" అని నవ్వింది. దాని నవ్వులో తప్పేం లేదు. "ఇంకెల్లు" అన్నాను. ఎండలోకి తిరిగి వెళ్ళిపోయింది. నేను తలుపు వేసుకుని, కార్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అరవై ఏళ్ళ కిందట ఒకామె ఇదే మాట చెప్పింది. దానికి కార్డు లేదు, పెన్ను లేదు. ఆమె మా వదిన నూకాలు.

ఆ మడి గురించి ముందు చెప్పాలి. ఎండాకాలం వస్తే దాని ఒళ్ళంతా నెర్రెలు తీసేది. చిన్నాచితకా నెర్రెలు కావు. ఒకసారి నా కొడవలి జారి పడితే ఇక దొరకలేదు. మా నాయన ఎడ్లు తోలే కర్ర మొత్తం లోపలికి దించి చూపించేవాడు, పిడి దాకా వెళ్ళేది. దూడలను అటు పోనిచ్చేవాళ్ళం కాదు, కాలు ఇరుక్కుంటే విరిగిపోతుందని. తొలకరి పడగానే ఆ నెర్రెలన్నీ నీళ్ళు తాగి, ఉబ్బి, నోళ్ళు మూసుకునేవి. అప్పుడిక మరో బాధ. అడుగు తీసి అడుగు వేస్తే కాలికి రోకలి కట్టినట్టు మట్టి పట్టేది. వాన నీరు దిగేది కాదు, పైనే నిలబడేది, డికాక్షన్ కాఫీలా నల్లగా. చలికాలంలో ఆ నీరు ఎండిపోయి, మళ్ళీ తొలకరి దాకా పైన తెల్లగా ఉప్పు పొక్కులు లేచేవి. పొద్దున్నే చూస్తే మడి మీద ఎవరో సున్నం చల్లి వెళ్ళినట్టు ఉండేది.

దున్నడానికి కూడా ఒక వేళ ఉండేది. పొద్దుట దిగితే మట్టి జిగురై కర్రుకి చుట్టుకునేది, సాయంత్రానికి రాయి అయ్యేది. మధ్యలో ఆ ఒక్క పూట పట్టుకోవాలి. మా నాయన పొద్దున లేచి పళ్ళయినా తోముకోకుండా మడికి వెళ్ళి, గుప్పెడు మట్టి పిసికి ఉండ చేసి భుజమెత్తు నుంచి వదిలేవాడు. ఉండ అతుక్కుపోతే తడి, ముక్కలైతే దున్నొచ్చు. తరవాత చిటికెడు నాలిక మీద వేసుకునేవాడు. మొహం చిట్లించి ఉమ్మేవాడు. ఆ ఉమ్మి శబ్దాన్ని బట్టి ఆ రోజు ఇంట్లో ఎవరికి తిట్లు పడతాయో మాకు తెలిసిపోయేది.

ఆయనది రావికమతం వైపు. ఎర్రమట్టి మెట్టలో పుట్టి పెరిగినవాడు. మా అమ్మమ్మ ఊరు చోడవరం దగ్గర ఈ పల్లం. ఎర్రమెట్ట ఇచ్చేసి, దాని బదులు ఈ నల్లమడి తీసుకున్నాడు. నల్లగా ఉంటే బలమైన నేల అని ఆయన లెక్క. గెడ్డ పక్కనే ఉంది, వాగు నీళ్ళుండగా తడికి లోటుండదన్నాడు. ఊళ్ళో వాళ్ళు తెలిసీ ఒక్కరూ చెప్పలేదు. మారకం అయిన నెలలోనే అన్న పెళ్ళయింది, నూకాలు కాపురానికొచ్చింది. మొదటి ఏడు నాట్లు వేస్తే పసుపు పచ్చగా మాడి కూర్చున్నాయి. తాను మోసపోయానని ఒప్పుకోవడం మా నాయన వల్ల కాదు. "కోడలు కాలెట్టిన ఏల" అన్నాడు. మా అమ్మ అందుకుంది. ఊరు అందుకుంది. ఇప్పుడు మట్టికి కార్డు ఇస్తున్నారు. మా రోజుల్లో మట్టి పాడైతే దానికి ఒక కోడలు ఉండేది.

నూకాలు నాకంటే రెండేళ్ళు పెద్ద, అంతే. నేను అప్పుడప్పుడే ఓణీ వేసుకుంటున్నాను. ఆమెకి అమ్మా నాన్నా లేరు, వడ్డాదిలో మేనమామ పెంచి పెళ్ళి చేసి చేతులు దులుపుకున్నాడు. నల్లగా, పొట్టిగా, చేతులు పెద్దవిగా ఉండేది. పనికి పుట్టిన చేతులు అనేది మా అమ్మ, మెచ్చుకోలుగా కాదు.

మెట్టలో వంకాయకీ మిరపకీ బూడిద వేస్తే విరగకాసేవని మా నాయన అనుభవం. మా వైపు బూడిదకి కరువేముంది? గానుగాడే రోజుల్లో ఊరిచుట్టూ బెల్లం పొయ్యిలే. చెరకు పిప్పి మండుతుంటే ఆ పొగ, పెనంలో రసం పొంగి నురగ తీస్తుంటే ఆ తీపి వాసన, తెల్లారేసరికి ఊరంతా అదే కమ్ముకునేది. నాకిప్పటికీ బెల్లం వాసన తగిలితే నోరూరదు, కళ్ళు మండుతాయి. ప్రతి పొయ్యి దగ్గరా మోకాలెత్తు బూడిద. "ఊరి బూడిదంతా మన మడికే" అన్నాడు మా నాయన. మోసే పని నూకాలుకి పడింది. తలమీద గుడ్డచుట్ట, దాని మీద తట్ట. పైన చల్లగా ఉండి లోపల నిప్పు దాక్కునుండేది. ఆ వేడికి నడినెత్తిన ఆమె జుట్టు మాడిపోయి, రూపాయి బిళ్ళంత బోడి పడింది. కనుబొమ్మలు రాలిపోయాయి. కళ్ళు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. దగ్గితే బూడిదే వచ్చేది. ఖాళీ తట్ట తెచ్చి వాకిట్లో బోర్లిస్తే తప్ప మా అమ్మ చోడి అంబలి పోసేది కాదు. "ముందు తట్ట సూపించు, తరవాత నోరు సూపించు" అనేది. ఆ మాటకి అందరం నవ్వేవాళ్ళం. ఆమెకి "బూడిద నూకాలు" అని పేరు పెట్టింది నేనే. వారం తిరక్కుండా ఊరంతా అలాగే పిలిచింది. నాకు గొప్పగా ఉండేది.

ఎంత బూడిద పోస్తే అంత చచ్చింది మడి. ఎంత చస్తే అంత ఎక్కువ పోయమన్నాడు మా నాయన. మూడో ఏడు ఊడ్పుల ముందు, మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరి ముందూ తేల్చేశాడు.

"ఈ ఏడు ఆ మడి పండిందా, కోడలు ఇంట్లో ఉంటది. పండనేదా, వడ్డాదిలో దింపీసి రా. నీకింకో సంబంధం సూస్తాను."

అన్న అన్నం కలుపుకుంటున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. నూకాలు గుమ్మం అవతల నిలబడి వింది. మేనమామ గడప ఎక్కనివ్వడని ఆమెకి తెలుసు, మాకూ తెలుసు. ఇక ఆ రోజు నుంచి ఆ మడి ఆమెకి మడి కాదు, ఉండనిస్తారా తరిమేస్తారా అన్న ప్రశ్న.

తెల్లపొక్కులు లేచినప్పుడల్లా బట్టలుతికే ముత్యాలమ్మ మా మడికి వచ్చేది. చిప్పతో పైపొర గీరి బుట్టకెత్తుకునేది. అది నానేసి, ఆ తేటలో బట్టలు ఉడకేస్తే మురికి వదులుతుంది. చౌడు దొరకని రోజుల్లో బూడిద నానేసేది. ఒకరోజు నూకాలు తట్ట దించుతుంటే ముత్యాలమ్మ నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేను గట్టు మీద నేరేడుపళ్ళు తింటున్నాను.

"ఏటలా నవ్వుతావ్ ముత్యాలప్పా?"

"నవ్వక ఏటి సేస్తానే? నాను ఇక్కడ్నించి గీరి పట్టుకెల్తన్నాను. నువ్వు అదే తెచ్చి పోస్తన్నావు."

"ఇది బూడిద కాదేటి?"

"ఓసి ఎర్రిదానా. సేతిలో తడిపి సూడు. ఇదీ సబ్బులా జారుద్ది, అదీ సబ్బులా జారుద్ది. ఇదీ గుడ్డ తినేద్ది, అదీ గుడ్డ తినేద్ది. నా సేతులు సూడు, రెండూ కలిసి ఎలగ తినేసేయో. గుడ్డనీ తోలునీ తినేసేది నారుని ఒగ్గేద్దా?"

నూకాలు అక్కడే కూర్చుని ఒక అరచేతిలో చౌడు, ఒక అరచేతిలో బూడిద తడిపి వేళ్ళతో రుద్దింది. చాలాసేపు రుద్దింది. తరవాత రెండూ నాలిక మీద వేసుకుంది, అచ్చం మా నాయనలాగే. మొహం చిట్లించి ఉమ్మింది. నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

మర్నాటి నుంచి తూర్పు మూలకి, గెడ్డ వైపున్న పది పన్నెండు బారల నేలకి, నూకాలు బూడిద చల్లడం మానేసింది. ఆ తట్టలు గెడ్డలో కుమ్మరించేది. మిగతా మడికి పోసినట్టే పోసేది, లేకపోతే తెలిసిపోతుంది కదా. గెడ్డ ఒడ్డున కానుగ చెట్లుండేవి. కొమ్మలు నరికి, ఆకు దూసి ఆ మూలలో వేసి, వాన నీటిలో కాళ్ళతో తొక్కేది. ఆ ఆకు కుళ్ళిన వాసన ఆమె చీరకి పట్టుకుంటే మా అమ్మ దూరంగా కూర్చోమనేది. ఇంకో పని చేసింది. అక్కడ నిలబడే నల్లనీరు గెడ్డలోకి పోయేలా పారతో వంకరగా ఒక కాలవ తవ్వింది. మోకాలి లోతు కూడా లేదు. వాన పడ్డప్పుడల్లా ఆ నల్లనీరు దాన్నుంచి బొళబొళా పోతుంటే వంగి చూసేది, పిల్లకి జ్వరం దిగుతుంటే చూసినట్టు.

ఇదంతా నాకు తెలుసు. నాకు తెలియకుండా దాచే వీలు ఆమెకి లేదు, ఇద్దరినీ కలిపే పంపేవారు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గరగరలాడింది.

"పైడీ, కోతల్దాకా ఎవరికీ సెప్పకే. పన కోసి మావ కాల్ల దగ్గరెడతాను. అప్పుడు మావే అడుగుతాడు, ఎలగ పండిందే అని. అప్పుడు సెప్తాను. ఇప్పుడు సెప్తే నన్ను సంపేత్తారు."

"నాకేటిస్తావ్?"

"నా దగ్గరేటుంది?" అని, ఆలోచించి, జడలో గుచ్చుకున్న కనకాంబరాలు తీసి నా జడలో పెట్టింది. చెప్పనని ఒట్టేశాను.

కార్తీకానికి ఆ మూల నడుమెత్తు లేచింది. మిగతా మడంతా బక్కచిక్కి, మచ్చలు మచ్చలుగా, తాలు కంకులతో ఉంది. ఆ మూల మాత్రం కంకి వంగి గట్టు మీద పడుకుంది. మా నాయన ఒక పొద్దున అది చూశాడు. నేను వెనకే ఉన్నాను. కంకి ఒడిసిపట్టి, గింజ పంటి కింద వేసి కొరికాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ మనిషి మొహం విచ్చుకోవడం చూశాను.

"సూసేవేటే పైడీ! పట్టింది. బూడిద పట్టింది. ఈ మూల నించి పట్టుకొస్తంది. వచ్చే ఏటికి మొత్తం పండుద్ది. నానేటన్నాను? ఎవడైనా నమ్మేడా?"

ఇంటికి నడిచినంతసేపూ దారిలో కనిపించిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. ఆ రోజు గెడ్డలో పట్టిన కొరమేను పులుసు పెట్టింది అమ్మ. మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. చేప వండినప్పుడు తోక ముక్క నాది. పుట్టినప్పట్నుంచీ నాది. మా నాయన ఆ రోజు, "కోడల్ని కూడా కూర్చోమను" అన్నాడు. ఆమె మాతో కూర్చుని తినడం అదే మొదలు. గోడకి ఒదిగి కూర్చుంది. మా నాయన గిన్నెలోంచి తనే తీసి తోక ముక్క ఆమె కంచంలో వేశాడు. "తిను. బాగా మోసేవు బూడిద" అన్నాడు.

ఇక్కడ నేను ఆగాలి. ఇంతదాకా రాసింది వాళ్ళ సంగతి. ఇక నాది. అప్పుడు నూకాలు గెలిచేసింది. మా నాయన తప్పుగా అర్థం చేసుకున్నాడు, కానీ ఆమె ఇంట్లో ఉండిపోయినట్టే. తప్పుగానే అర్థం చేసుకోనిస్తే చాలు. ఆమె ఆ ముక్క వంక చూస్తూ, తినాలో వద్దో తెలియక, నా వైపు తలెత్తి చిన్నగా నవ్వింది. నవ్వులో ఏముందో నాకు తెలుసు, మనిద్దరికే తెలిసిన సంగతి అని. నాకు కనిపించింది మాత్రం నా ముక్క.

"అది బూడిద కాదు నాయనా" అన్నాను. "ఆ మూలకి బూడిదే ఎయ్యలేదు. గెడ్డలో పోసీసింది. ఆకు తొక్కింది. బూడిద ఎయ్యనికాడే పండిందట. నువ్వేసిన కాడే సచ్చిందట. ముత్యాలమ్మా ఇదీ కలిసి నవ్వుకున్నారు."

నవ్వింది ముత్యాలమ్మ. నూకాలు నవ్వలేదు. ఆ ఒక్క ముక్క అబద్ధం, నేను కలిపాను. మా నాయన్ని ఏది పొడుస్తుందో నాకు తెలుసు. ఆయన కూతుర్ని కదా.

ఆయన అరవలేదు. చెయ్యి కడుక్కున్నాడు. పాకలోంచి గేదెల్ని విప్పాడు, మావి మూడు. మడి దాకా తోలుకెళ్ళి, కంకి వంగిన ఆ మూలలోకి దింపాడు. కోతకొచ్చిన చేలో రైతు తన గేదెల్ని తానే దింపడం అంతకు ముందు నేను చూడలేదు, తరవాతా చూడలేదు. దారిన పోయేవాళ్ళు కేకలేశారు. మా అమ్మ ఒక్కసారి "అన్నం అయ్యా అది" అంది. తిన్నంత తిన్నాయి, మిగతాది తొక్కాయి. నూకాలు గట్టు మీద నిలబడి ఏడవకుండా చూసింది. "మావా, ఒక్క పన ఒగ్గెయ్, ఒక్క పన" అంది. ఆయన వినలేదు. ఆ ఒక్క పన మిగిలితే తన మూడేళ్ళ బూడిద తప్పని ఊరికి చెప్పేది అదే.

గేదెలు పైకొచ్చాక తట్ట తెమ్మన్నాడు. నేనే పరిగెత్తి తెచ్చాను. "ఏటి ఎగ్గొట్టేవో అది ఇప్పుడు పొయ్యి. నీ సేత్తోనే పొయ్యి" అన్నాడు. ఆమె గట్టు మీది కుప్పలోంచి తట్టకెత్తి, తొక్కేసిన కంకుల మీద పోసింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ పోసింది. నేలంతా తెల్లబడేదాకా పోయించాడు. కాలవ కూడా ఆమెతోనే పూడ్పించాడు. చుట్టూ చేరిన జనంతో, "మడి మడంతా పండేదే. బూడిద గెడ్డపాలు సేసి నా కొంప ముంచింది" అన్నాడు. గేదెలు తినడం కళ్ళారా చూసినవాళ్ళే తలలూపారు. నిజమే, అంతా బూడిద పోసుంటే మొత్తం పండేది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ముత్యాలమ్మ కూడా అక్కడే ఉంది. తన చేతుల్ని చీర కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చేసరికి పులుసు చల్లారింది. నూకాలు కంచం అలాగే ఉంది. అమ్మ అందులోంచి తోక ముక్క తీసి నా కంచంలో వేసింది. తిన్నాను. బాగుంది కూడా.

మర్నాడు పొద్దున అన్న ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. వడ్డాది సంత వీధిలో వదిలేసి మధ్యాహ్నం భోజనానికి వచ్చేశాడు. "మేనమామ ఇంట్లో దింపేవా?" అని అమ్మ అడిగితే, "ఊళ్ళో దింపేను" అన్నాడు. మాఘంలో రెండో వదిన వచ్చింది. ఆమెకీ తట్ట ఇచ్చారు. ఆమె తల మీద కూడా బోడి పడింది. నాకు తెలుసు, ఆమెకి చెప్పగలను, చెప్పలేదు.

నా పెళ్ళి ఊళ్ళోనే అయింది. నాయన పోయాడు. అన్న చివరి రోజుల్లో ఆ మడి నా పేర రాశాడు. ప్రేమ అనుకోకండి, ఎవరూ కొననిది నాకిచ్చాడు. నా చేతికొచ్చాక నేనేం చేశానో అదీ రాస్తాను. బూడిద పోశాను. ట్రాక్టరు పెట్టి పోయించాను. తూర్పు మూల నడుమెత్తున ఎలా లేచిందో కళ్ళతో చూసినదాన్ని, తెలిసీ పోశాను. ఒక్క ఏడు మానేసి చూస్తే చాలు. మానేసి పండితే? ఆ పంటని నేను ఏ కళ్ళతో చూడాలి? దాని కన్నా ఎండిన మడే నయమనిపించింది. ఏటా నెర్రెలు తీసి నా వంక నోళ్ళు తెరిచేది, ఏటా వాటిలో బూడిద కూరాను.

ఆమెని మధ్యలో ఒకసారి చూశాను. నా పెద్ద కొడుకు చంకలో ఉన్నాడు. వడ్డాది సంతలో ఉల్లిపాయలు బేరమాడుతుంటే పక్కనుంచి, "పైడీ, నువ్వేనా?" అని వినిపించింది. బెల్లం పొయ్యిల దగ్గర బూడిద ఎత్తే కూలి పని చేసుకుంటోందట. ఆ పని ఆమెకి వచ్చు కదా, మేమే నేర్పాం. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. మనిషిని చూసి కాదు, గొంతు విని గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. మీ అన్న ఎలాగున్నాడు అని కూడా అడగలేదు. గొంతు తగ్గించి, ఆశగా, "ఆ తూరుపు మూల ఇప్పుడూ పండతందా?" అంది.

"ఏ మూల?" అన్నాను.

"ఏటీ నేదులే" అంది. చెయ్యి చాచి నా కొడుకు తల వెతికి నిమిరింది, జనంలోకి వెళ్ళిపోయింది. తరవాత ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో నాకు తెలీదు. వడ్డాది ఎంత దూరమని? ఆటో ఎక్కితే అరగంట లేదు. అడిగితే ఎవరో ఒకరు చెప్పేవారు. అడగలేదు.

ఈ ఏడు కార్డులో ఉన్నట్టే చేయించాను. ఎందుకు చేయించానంటే, ఇప్పుడిక చెప్పింది కార్డు. కార్డు మాట వినడానికి నాకు నామోషీ లేదు. మడిని చిన్న చిన్న మడులుగా గట్లు వేసి, నీరు నిలగట్టి, జిప్సం చల్లి, ఆ నీరు బయటికి తీయించాను. జీలుగ చల్లాను. నా ఒంటి ఎత్తు లేచింది. చూస్తుంటే కడుపు నిండాలి. నాకు నిండలేదు. రోజూ పొద్దున వెళ్ళి గట్టు మీద నిలబడి, అరవై ఏళ్ళ కిందటే ఇలా ఉండేదని లెక్కపెట్టుకోవడం తప్ప ఏమీ లేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తున్నారు. "ఎవరు సెప్పేరు పైడప్పా?" అంటే, "గవర్నమెంటు కార్డు" అంటున్నాను.

మొన్న ఆ స్కూటీ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి మంచినీళ్ళిచ్చాను. జీలుగలో నన్ను నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసుకుంది. తూర్పు మూలకి వెళ్ళి, గెడ్డ వైపు వంగి చూసి, అక్కడి నుంచి కేకేసింది.

"మామ్మగారూ, ఇక్కడో పాత కాలవ ఉందండీ! మడి మొత్తం మీద వాలు కరెక్టుగా ఇక్కడే ఉంది. నీళ్ళన్నీ దీన్నుంచే దిగుతున్నాయి. ఎవరు తీశారండీ ఇంత తెలివిగా?"

మా నాయన పూడ్పించాడు కదా. నేలకి ఆ సంగతి పట్టలేదు. ఏటా వాన ఆ దారే వెతుక్కుని, ఆ వదులు మట్టే కోసుకుంటూ, దాన్ని నిలువెత్తు లోతు చేసింది. వంకర మాత్రం అదే వంకర, పార ఎక్కడ తిరిగిందో అక్కడే తిరిగింది.

ఆ పిల్ల చేతిలో ఫోను పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. ఫొటో కింద పేరు రాసుకుంటుందట, మంచి పని చేసిన రైతులని. నోటి చివర దాకా వచ్చింది. మూడు అక్షరాల పేరు, వేలు పెట్టకుండా చదవగలిగినంత చిన్నది.

"మా నాయన" అన్నాను.

రాసుకుంది.